యాక్సిడెంట్‌లో మనిషి చనిపోయాక డ్రైవర్ ఏం చేయాలి: మొదటి గంట నుంచి మళ్లీ స్టీరింగ్ పట్టేదాకా

“అన్నా, నెల దాటింది. బ్రేక్ చప్పుడు వినబడితే చాలు, చేతులు వణుకుతున్నయ్. బండి ఎక్కాలంటే బుగులైతుంది. ఏం జెయ్యాలె?”

వరంగల్, కరీంనగర్, పెద్దపల్లి దిక్కు డ్రైవర్లు నన్ను తరచూ అడిగే మాట ఇది. ఒక్కొక్కరికి ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు వరుసగా ఒకచోట రాస్తున్నాను.

నేను డాక్టర్‌ను కాదు, వకీలునూ కాదు. ఇరవై రెండేళ్లు లారీ నడిపాను. నా బండి కింద కూడా ఒక ప్రాణం పోయింది. ఆ తర్వాత మనోరోగాల డాక్టర్ దగ్గర నేర్చుకున్నది, తోటి డ్రైవర్ల పక్కన కూర్చుని చూసింది ఇందులో ఉంది. లారీ, టిప్పర్, బస్సు, ట్రావెల్స్ కారు, ఆటో ఏది నడిపేవాళ్లకైనా పనికొస్తుంది.

ఒక్క మాట ముందే. “నేను బతికి ఏం లాభం” అనే ఆలోచన వస్తుంటే చదవడం ఇక్కడే ఆపి 14416 కి ఫోన్ చేయండి. ఇది ప్రభుత్వం నడిపే టెలీ మానస్. పైసలు అక్కర్లేదు, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. పక్కనున్న మనిషికి కూడా ఆ మాట చెప్పండి. ఒంటరిగా ఉండొద్దు.

1. ఏమీ జరగకముందే క్యాబిన్‌లో పెట్టుకోవాల్సినవి

ఆ టైంలో బుర్ర పనిచేయదు. సొంత భార్య నంబర్ గుర్తుకు రాక ఫోన్ పట్టుకొని నిలబడ్డవాళ్లను చూశాను. అందుకే కాగితం మీద రాసి సన్‌వైజర్ వెనక అతికించండి.

☐ 108, 112, 14416 నంబర్లు పెద్ద అక్షరాలతో
☐ ఓనర్ నంబర్, ఇన్సూరెన్స్ కంపెనీ నంబర్, పాలసీ నంబర్
☐ ముందుగా ఫోన్ చేయాల్సిన ఒక్క మనిషి. అమ్మ, భార్య వద్దు. గాబరా పడకుండా బయలుదేరి రాగలిగే బావమరిదో, తోటి డ్రైవరో కావాలి
☐ లైసెన్స్, ఆర్‌సీ, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ తేదీలు

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. లైసెన్స్ గడువు దాటి ఉంటే, మీ తప్పు లేని యాక్సిడెంట్‌లో కూడా ఇన్సూరెన్స్ దగ్గర మెలిక పడుతుంది. ఆ టెన్షన్ నెలల తరబడి మనసును తినేస్తుంది.

2. మొదటి గంట

వరుస ఇది.

బండి ఆపండి, నాలుగు ఇండికేటర్లూ వేయండి. 108 కి చేయండి, తర్వాత 112. ఎక్కడున్నారో కిలోమీటరు రాయి చూసి గానీ, ఊరి పేరు చెప్పి గానీ చెప్పండి. “పరకాల రోడ్డు” అంటే చాలదు.

ఆ తర్వాత జనం సంగతి. కొడతారన్న భయం ఉత్తది కాదు. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం గాయపడినవాళ్లకు వైద్యం అందేలా చూడటం డ్రైవర్ బాధ్యత. కానీ జనం ఆగ్రహం వల్ల అది కుదరకపోతే మినహాయింపు ఉందని అదే సెక్షన్ చెబుతుంది. ప్రాణభయం ఉంటే అక్కడి నుంచి తప్పుకొని, నేరుగా దగ్గరి పోలీస్ స్టేషన్‌కు పోయి జరిగింది చెప్పండి. పోలీసులు అక్కడ లేకపోతే వీలైనంత తొందరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల లోపల చెప్పాలని చట్టం.

తప్పుకోవడం వేరు, పారిపోవడం వేరు. పారిపోయినవాడికి కేసు బరువవుతుంది. అంతకంటే ఎక్కువగా, “ఆగి ఉంటే బతికేవాడేమో” అనే ప్రశ్న జన్మంతా వెంటబడుతుంది. పారిపోయిన వాళ్లలో మనసు కుదుటపడిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

చేయకూడనివి:

☐ వణుకు తగ్గడానికని ఒక్క గుక్క కూడా తాగొద్దు. కాసేపట్లో ఊపిరి పరీక్షో, రక్త పరీక్షో చేస్తారు. యాక్సిడెంట్ తర్వాత తాగానంటే నమ్మేవాడు ఉండడు
☐ మృతదేహాన్ని మళ్లీ మళ్లీ చూడొద్దు, ఫొటోలు తీయొద్దు. పోలీసులు అవసరమనుకుంటే వాళ్లే తీస్తారు
☐ డాష్‌క్యామ్ రికార్డింగ్ తీసేయొద్దు
☐ “అంతా నా తప్పే” అని గానీ, “నాదేం తప్పు లేదు” అని గానీ అక్కడ అరవొద్దు. చూసింది చూసినట్టు పోలీసులకు చెప్పండి

చేతులు చల్లబడితే, నోరు ఎండిపోతే, అంతా సినిమాలో జరుగుతున్నట్టు అనిపిస్తే భయపడొద్దు. పెద్ద దెబ్బ తగిలినప్పుడు మనిషి ఒంట్లో జరిగేది అదే. నేల మీద కూర్చోండి, నీళ్లు తాగండి.

3. మొదటి మూడు రోజులు

ఇంట్లో ఒకరు పక్కనే ఉండాలి, రాత్రి కూడా. మాట్లాడించనక్కర్లేదు. ఉంటే చాలు.

ఇంటికి రాగానే తలస్నానం చేయడం మన దగ్గర ఉన్నదే. చేయండి. గుడికో, కాజీపేట దర్గాకో పోవాలనిపిస్తే పోండి. దిష్టి తీస్తామంటే తీయించుకోండి. అడ్డు చెప్పేదేం లేదు. కానీ తాయెత్తు కట్టాం కదా, ఇక డాక్టర్ ఎందుకు అనుకుంటేనే పని చెడుతుంది.

తిండి, నీళ్లు, నిద్ర. ఆకలి ఉండదు, అయినా టైంకు నాలుగు ముద్దలు తినండి. నిద్ర పట్టకపోతే పట్టినంతే.

ఈ మూడు రోజుల్లో ఎక్కువమంది చేసే తప్పు మందు, కల్లు. తాగితే మొదటి రెండు గంటలు ఆ దృశ్యం మసకబారుతుంది. తెల్లవారుజామున మూడింటికి రెండింతలై తిరిగి వస్తుంది. కల్లు అయితే ఇంకా పైలం. తెలంగాణలో కల్లులో అల్ప్రాజోలం లాంటి మత్తు మందులు కలిపి అమ్మి పట్టుబడిన కేసులు ఎన్నో. మెడికల్ షాపులో అడిగి అవే మాత్రలు కొనుక్కోవడం కూడా ఇదే తప్పు. అలవాటు పడతారు, పగలు కూడా మగత ఉంటుంది, లోపలి గాయం మాత్రం అట్లనే ఉంటుంది.

ఇంకొకటి వాట్సాప్. రోడ్డు పక్క సీసీ కెమెరా వీడియో సాయంత్రానికల్లా గ్రూపుల్లో తిరుగుతుంది. ఊరి గ్రూపు, అడ్డా గ్రూపు అన్నీ మ్యూట్ చేయించి, ఫోన్ ఇంకొకరి చేతికి ఇవ్వండి. ఆ వీడియో మీరు చూడాల్సిన అవసరం ఎప్పటికీ లేదు. వకీలు చూస్తే చాలు.

వచ్చిన చుట్టమల్లా “ఎట్లయిందిరా” అని అడుగుతాడు. ప్రతి ఒక్కరికీ మొదటి నుంచి చెప్పాల్సిన పని లేదు. బలవంతంగా అంతా కక్కిస్తే మంచిదని కొందరంటారు, అది నిజం కాదు. మీకు చెప్పాలనిపించినప్పుడు, చెప్పాలనిపించిన మనిషికి చెప్పండి.

4. పోలీసు కేసు ఒకటి, మనసులో నడిచే కేసు ఇంకొకటి

ఈ రెండింటినీ కలిపేసుకున్నవాళ్లే ఎక్కువ నలిగిపోతారు. స్టేషన్‌లో బెయిల్ వచ్చినా లోపల బెయిల్ రాదు. లోపల కొంచెం కుదుటపడేసరికి కోర్టు వాయిదా కాగితం వస్తుంది. కాబట్టి విడగొట్టండి.

ముందు పోలీసు కేసు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయిందన్న కేసు ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 106(1) కింద పెడతారు. రుజువైతే ఐదేళ్ల వరకు జైలు, జరిమానా. ఇది బెయిల్ ఇవ్వదగ్గ నేరం. తాగి నడిపితే లెక్క వేరు. అడ్డాల మీద వినబడే “పదేళ్ల జైలు” మాట, చెప్పకుండా పారిపోయేవాళ్ల కోసం రాసిన 106(2) గురించి. 2024 జనవరిలో డ్రైవర్లు సమ్మె చేసింది దాని మీదే. 2024 జులై 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చినప్పుడు ఆ క్లాజును పక్కన పెట్టారు.

చేయాల్సినవి:

☐ చిన్న నోట్‌బుక్ పెట్టండి. స్టేషన్‌కు పోయిన తేదీ, వాయిదా, ఇచ్చిన కాగితం అన్నీ అందులోకే. తలలో ఏదీ మోయొద్దు
☐ వకీలుకు పైసలు లేకపోతే 15100 కి చేయండి. అది న్యాయ సేవల హెల్ప్‌లైన్. ఆదాయం తక్కువున్నవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఉచిత న్యాయ సాయం పొందే హక్కు ఉంది
☐ స్టేషన్‌కు, కోర్టుకు ఒంటరిగా పోవద్దు
☐ కేసు గురించి ఆలోచించడానికి వారంలో ఒక గంట పెట్టుకోండి. మిగతా రోజుల్లో గుర్తొస్తే నోట్‌బుక్‌లో ఒక లైన్ రాసి మూసేయండి

నష్టపరిహారం కేసులో మీ పేరు కూడా ఉంటుంది. నోటీసు రాగానే “ఇల్లు అమ్ముకోవాలా” అని కూలబడొద్దు. ఇన్సూరెన్స్, లైసెన్స్ సరిగ్గా ఉంటే మామూలుగా ఆ సొమ్ము కట్టేది ఇన్సూరెన్స్ కంపెనీ. నోటీసు మాత్రం పక్కన పడేయకుండా వకీలుకు ఇవ్వండి.

పెద్దమనుషుల పంచాయితీలో రాజీ అయినంత మాత్రాన పోలీసు కేసు దానంతట అది పోదు. ఇది తెలియక అప్పు చేసి పైసలిచ్చి, తర్వాత సమన్లు వస్తే కుప్పకూలినవాళ్లు ఉన్నారు.

5. మొదటి నెల: ఆ దృశ్యం కళ్ల ముందుకు వచ్చినప్పుడు

కల, ఉలికిపాటు, చిరాకు, పిల్లల మీద అరవడం, ఆ రోడ్డు పేరు వింటేనే గుండె దడ, ఏదీ పట్టనట్టు మొద్దుబారిపోవడం. మొదటి నెలలో ఇవి చాలామందికి వస్తాయి. చాలామందికి వారం వారం తగ్గుతూ వస్తాయి కూడా.

దృశ్యం ముంచుకొచ్చినప్పుడు ఇట్లా చేయండి:

☐ రెండు పాదాలూ నేలకు గట్టిగా ఆనించండి
☐ కనబడే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి. నాలుగింటిని ముట్టుకోండి. మూడు చప్పుళ్లు వినండి
☐ నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. పది సార్లు
☐ “ఈ రోజు ఫలానా తేదీ, నేను ఇంట్లో ఉన్నాను, అది అయిపోయింది” అని నోటితో అనండి

మొదట్లో పిల్లల ఆటలాగా అనిపిస్తుంది. నాకూ సిగ్గేసింది. కానీ తల గతంలోకి జారిపోయినప్పుడు కళ్లు, చెవులు, చేతులే వెనక్కి లాగుతాయి. బాగున్నప్పుడే రోజుకు రెండుసార్లు అలవాటు చేసుకుంటే అవసరానికి అందుతుంది.

పీడకలతో లేస్తే మంచం మీదే పొర్లొద్దు. లైటు వేసి, మొహం కడుక్కొని, పది నిమిషాలు కూర్చుని మళ్లీ పడుకోండి.

6. తప్పు ఎంత నాది? కాగితం మీద తేల్చుకోవడం

ఇక్కడ నిదానంగా చదవండి. అసలు బరువంతా ఇక్కడే ఉంది.

“ఐదు నిమిషాలు ముందు బయలుదేరి ఉంటే”, “చాయ్ కోసం ఆగకపోయి ఉంటే” అని మనసు తవ్వుతూనే ఉంటుంది. జరిగిన తర్వాత తెలిసిన సంగతిని, జరగకముందే తెలిసినట్టు లెక్క వేస్తుంది. ఇది మనసు చేసే మోసం.

కాగితం తీసుకొని నిలువుగా గీత కొట్టండి. ఎడమ పక్క: ఆ క్షణంలో నేను చూసింది, నాకు తెలిసింది. కుడి పక్క: తర్వాత తెలిసింది. “ఆ మనిషి అటు తిరుగుతాడని” అనేది కుడి పక్కకే పోతుంది. దాని మీద మీకు శిక్ష వేసుకునే హక్కు లేదు.

లెక్క కూడా చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. కన్ను చూసి, కాలు బ్రేక్ మీద పడటానికి సెకనున్నర అనుకుంటే, బ్రేక్ తగలకముందే 25 మీటర్లు అయిపోయాయి. లోడు బండి ఆగడానికి ఆపైన ఇంకా ఎంతో దూరం కావాలి. పది మీటర్ల ముందు ఒక్కసారిగా అడ్డం వచ్చినదాన్ని ఆపే డ్రైవర్ పుట్టలేదు.

రెండో కాగితం. కారణాలన్నీ రాయండి: వెలుతురు, రోడ్డు, మలుపు, ఎదుటి బండి, ఎదుటి మనిషి, బ్రేకుల కండిషన్, ఓనర్ ఒత్తిడి, మీరు. ఒక్కొక్కదానికి నూటికి ఎంతో వేయండి. మీది ఆఖరున వేయండి. ముందే వేస్తే నూరూ మీకే రాసుకుంటారు.

నాది చెబుతాను. పొద్దుగూకే వేళ, సైకిల్‌కు వెనక రిఫ్లెక్టర్ లేదు, రోడ్డు అంచు కోసుకుపోయి ఉంది. ఇదంతా నిజం. ముందు రాత్రి నేను నాలుగు గంటలే పడుకున్నాననేది కూడా నిజం. ఏడాది పాటు నాకు ఆ రెండో నిజం ఒక్కటే కనబడింది. ఇంట్లోవాళ్లకు మొదటిది ఒక్కటే కనబడింది. అందుకే వాళ్ల ఓదార్పు నాకు ఎక్కలేదు.

మీ వాటా నిజంగా ఉంటే, అంటే ఫోన్ చూస్తున్నా, కునుకు పట్టినా, స్పీడ్ మీద ఉన్నా, “నీ తప్పేం లేదు” అనే మాట పట్టుకొని వేలాడొద్దు. అది నిలబడదు. వకీలుకు నిజం చెప్పండి. ఆ అలవాటును పేరు పెట్టి రాసి, దాన్ని ఎట్లా ఆపుతారో పక్కన రాయండి. నేను రాసింది: “ఆరు గంటల నిద్ర లేకుండా తాళం తీసుకోను.” లోడు పోయినా సరే అన్నాను. రెండు లోడ్లు పోయాయి కూడా.

పోయినవాళ్ల ఇంటికి వెళ్లాలా? చాలామంది అడుగుతారు. దశదినకర్మ లోపల వద్దు. వాళ్ల దుఃఖానికి మీ మొహం మంట పెడుతుంది, మీకూ ప్రమాదమే. కొన్ని నెలల తర్వాత, వకీలుతో మాట్లాడి, రెండు వైపులా తెలిసిన పెద్దమనిషితో అడిగించి, వాళ్లు రమ్మంటేనే పోండి. రావద్దంటే అది వాళ్ల హక్కు.

7. మళ్లీ స్టీరింగ్ పట్టడం: మెట్లు మెట్లుగా

మూడో రోజే నన్ను బండి ఎక్కించారు. “ఇంట్ల కూసుంటే బుగులు ఇంకా పెరుగుతది, పో” అన్నాడు ఓనర్. పత్తి లోడు. ములుగు రోడ్డు మీద మేకలు అడ్డం వస్తే బ్రేక్ వేశాను. ఆ తర్వాత కాలు తీయలేకపోయాను. రోడ్డు మధ్యలో బండి ఆగిపోయింది, వెనక బస్సు తృటిలో తప్పింది. క్లీనర్ తమ్ముడు పక్కకు పెట్టాడు. ఆ తర్వాత ఐదు నెలలు బండి ముట్టలేదు. మూడో రోజు ఎక్కడం ఒక తప్పు. ఐదు నెలలు తప్పించుకు తిరగడం ఇంకో తప్పు. తప్పించుకున్న కొద్దీ భయం బలుస్తుంది.

మొదలుపెట్టే ముందు:

☐ వారం నుంచి రోజూ కనీసం ఐదారు గంటల నిద్ర ఉందా?
☐ మందులు వాడుతుంటే, వాటి మీద బండి నడపొచ్చా అని డాక్టర్‌ను అడిగారా?
☐ లైసెన్స్ చేతిలో ఉందా, సస్పెండ్ కాలేదా?
☐ దృశ్యం వచ్చినప్పుడు ఎక్కడున్నానో మరిచిపోయేంతగా వస్తుందా? వస్తే ఈ మెట్లు సొంతంగా ఎక్కొద్దు, ముందు 8వ భాగం

మెట్లు:

1) ఆగి ఉన్న బండిలో, ఇంజిన్ ఆపి, పావుగంట కూర్చోవడం
2) ఇంజిన్ స్టార్ట్ చేసి కూర్చోవడం
3) ఖాళీ జాగాలో తిప్పడం. సెలవు రోజు ఖాళీగా ఉండే మార్కెట్ యార్డు లాంటి చోటు బాగుంటుంది
4) పక్కన మనిషితో, పగలు, తెలిసిన రోడ్డు మీద ఐదు కిలోమీటర్లు
5) అదే రోడ్డు ఒంటరిగా
6) యాక్సిడెంట్ జరిగిన చోటి మీదుగా ప్రయాణికుడిలా పోవడం
7) అదే చోటి మీదుగా మీరే నడుపుతూ పోవడం, పక్కన మనిషితో
8) రాత్రి, తర్వాత లోడు, ఆ తర్వాతే పూర్తి డ్యూటీ

ప్రతి మెట్టు దగ్గర భయానికి పదికి ఎంతో మార్కు వేయండి. ఎనిమిది ఉంటే, అది నాలుగుకు దిగేదాకా అక్కడే ఉండండి. ఎనిమిది మీద దిగిపోతే “దిగితేనే బతికాను” అని ఒళ్లు నేర్చుకుంటుంది. నడుపుతున్నప్పుడు మాత్రం తల తిరిగినా, చేతులు బిగుసుకున్నా పక్కకు ఆపండి. ఆపి, బండిలోనే కూర్చుని, తగ్గాక కదలండి.

వరుసగా మూడు రోజులు మొదటి నుంచే మూడు మార్కుల లోపు వస్తే పై మెట్టుకు పోవచ్చు. కొందరికి రెండు వారాలు, కొందరికి మూడు నెలలు. మేడారం జాతర రద్దీలో మొదటి డ్యూటీ వేయించుకోవద్దు.

మళ్లీ నడపకూడదనుకుంటే? అదీ తప్పు కాదు. కానీ ఆ నిర్ణయం భయం పదికి తొమ్మిది ఉన్న రోజున తీసుకోవద్దు.

8. డాక్టర్ దగ్గరికి ఎప్పుడు, ఎక్కడికి

నెల దాటినా తగ్గకపోతే తప్పకుండా పోవాలి. రోజూ తాగుతుంటే, రోజుల తరబడి నిద్ర లేకపోతే, చావాలనిపిస్తే నెల ఆగొద్దు, ఆ రోజే పోండి.

వరంగల్‌లో ఎంజీఎం ఆస్పత్రిలో మానసిక వైద్యం ఓపీ ఉంది. మిగతా జిల్లాలవాళ్లు జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆస్పత్రిలో అడగండి, లేదా 14416 వాళ్లను అడిగితే దగ్గర్లో ఎక్కడో చెబుతారు. “పిచ్చి డాక్టరా?” అంటారు ఊళ్లో. కాలు విరిగితే ఎముకల డాక్టర్ దగ్గరికి పోయినట్టే ఇదీ.

అక్కడ ఇవి చెప్పండి: యాక్సిడెంట్ తేదీ, రోజుకు ఎన్ని గంటల నిద్ర, కలలు ఎన్నిసార్లు, ఎంత తాగుతున్నారు, ఇప్పుడు బండి నడుపుతున్నారా. ఆఖరిది చెప్పడం మరిచిపోతే మగత వచ్చే మందు రాసే వీలుంది.

మాటల చికిత్సలో ఆ సంఘటనను కొద్దికొద్దిగా, భద్రంగా మళ్లీ చెప్పిస్తారు. దీనికి వారాలు పడుతుంది. మందులు ఇస్తే, అవి పని మొదలుపెట్టడానికే రెండు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. పది రోజులకే “పనిచేయట్లేదు” అని ఆపేయడం, బాగైందని సొంతంగా మానేయడం, రెండూ ఎక్కువమంది చేసే పొరపాట్లే.

9. ఇంట్లోవాళ్లకు, ఓనర్లకు

“మర్చిపో” అనొద్దు. మర్చిపోగలిగితే ఎప్పుడో మర్చిపోయేవాడు. “ఇవాళ ఎట్లుంది?” అని అడిగి, చెప్పింది వినండి. రాత్రి ఉలిక్కిపడి లేస్తే గట్టిగా పట్టుకొని ఊపొద్దు. కొంచెం దూరం నుంచి పేరు పెట్టి పిలవండి.

ఓనర్ చేయాల్సినవి మూడు: కనీసం రెండు వారాలు డ్యూటీ అడగకపోవడం, ఆ రోజులకు బత్తా అయినా ఇవ్వడం, వకీలు ఖర్చు గురించి మొదటి రోజే తేల్చి చెప్పడం. మూడోది తేలకపోవడమే డ్రైవర్‌కు సగం నిద్ర పోగొడుతుంది.

క్లీనర్‌ను, కండక్టర్‌ను ఎవరూ అడగరు. వాళ్లూ చూశారు. చాలాసార్లు డ్రైవర్ కంటే దగ్గరి నుంచి చూశారు. ఈ కాగితంలో ఉన్నదంతా వాళ్లకూ వర్తిస్తుంది.

10. ఏడాది తిరిగిన రోజు

అంతా సర్దుకున్నాక కూడా ఆ తేదీ దగ్గరపడుతుంటే నిద్ర చెడుతుంది. రోడ్డు మీద ఇంకొక యాక్సిడెంట్ కనబడినా అంతే. కొత్త జబ్బు అనుకోవద్దు. రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. వారం దాటితే డాక్టర్‌ను మళ్లీ ఒకసారి కలవండి.

ఆ తేదీకి ముందే ఓనర్‌కు చెప్పి డ్యూటీ మార్పించుకోండి. నేను ఆ రోజు తాళం ముట్టను. పొద్దున భద్రకాళి చెరువు గట్టు మీద కాసేపు నడుస్తాను, మధ్యాహ్నం ఆ క్లీనర్ తమ్ముడికి ఫోన్ చేస్తాను. వాడిప్పుడు గోదావరిఖని దిక్కు టిప్పర్ నడుపుతున్నాడు. యాక్సిడెంట్ మాట ఇద్దరం ఎత్తం. ఎన్ని గంటలు పడుకున్నవురా అని అడుగుతాను, చెబుతాడు.